బంగాళాఖాతంలో గట్టు తగాదా

ఏమర్రా, మనిషి కాపురం ఎరగని ఒక లంక కోసం రెండు దేశాలు ముప్పై ఏళ్ళకు పైగా మాటా మాటా అనుకున్నాయంటే నమ్ముతారా? ఆ లంక మీద ఇల్లు లేదు, తాగడానికి చుక్క మంచినీళ్ళు లేవు. దాన్ని మనవాళ్ళు న్యూమూర్ అన్నారు, పూర్బాశా అనీ అన్నారు. బంగ్లాదేశ్ వాళ్ళు దక్షిణ తల్పట్టి అన్నారు. పేర్లు మూడు, లంక ఒక్కటే. చివరికి ఆ ఒక్కటీ మిగల్లేదనుకోండి, ఆ సంగతికి తర్వాత వద్దాం.

1970 నవంబరు 12 రాత్రి, అప్పట్లో తూర్పు పాకిస్తాన్ అనే తీరాన్ని భోలా తుపాను కొట్టింది. మూడు లక్షల మందికి తక్కువ కాకుండా పోయారు. మన దివిసీమ ఉప్పెన ఎరిగున్నవాళ్ళకి కూడా ఒళ్ళు జలదరించే లెక్క అది. ఆ తుపాను తర్వాత, రెండు దేశాల సరిహద్దుగా పారే హరియాభంగ నది సముద్రంలో కలిసేచోట కొత్త మేట ఒకటి తేలింది. 1974లో అమెరికా ఉపగ్రహం తీసిన ఫొటోలో అది బయటపడింది. మహా అయితే మూడున్నర కిలోమీటర్ల పొడవు, మూడు కిలోమీటర్ల వెడల్పు. నీటిమట్టానికి పైన రెండు మీటర్ల ఎత్తు. మీ నాన్న పక్కన నిలబడి చెయ్యెత్తితే లంక కంటే ఆయనే పొడుగు. 1981లో మన నేవీ వెళ్ళి దానిమీద జెండా పాతింది. బంగ్లాదేశ్ ఒప్పుకోలేదు, అవతల నుంచి వాళ్ళ పడవలు వచ్చాయి. అదృష్టం బాగుండి తుపాకులు పేలలేదు.

గోదావరి లంకల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ కనబడదు. ఒక వరదకి ఇటు గట్టు కోసుకుపోతుంది, అటు మేట వేస్తుంది. పట్టా ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది, సర్వే నంబరు మాత్రం నీళ్ళలో ఉంటుంది. ఎదురుగా కొత్తగా లేచిన ఇసుకలో ఎవరు ముందు పుచ్చపాదు పెడితే వాళ్ళదే అని కర్రలు లేస్తాయి. బంగాళాఖాతంలో జరిగింది కూడా అలాంటిదే. కాకపోతే కర్రల బదులు యుద్ధనౌకలు, తహసీల్దారు బదులు హేగ్ నగరంలో కూర్చున్న అయిదుగురు పెద్దలు.

ముందు ఆ మేట ఎందుకు వేస్తుందో చెబుతాను. గంగ, బ్రహ్మపుత్ర కలిసి ఏటా దాదాపు 100 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి మోసుకొస్తాయి. నది దూకుడుగా పారినంతసేపు మట్టి నీళ్ళతోబాటే పరిగెడుతుంది. సముద్రం దగ్గర పడేసరికి నీటికి నడక మందగిస్తుంది, ముందు ఇసుక దిగుతుంది. బంకమట్టి అంత సులువుగా దిగదు. దాని రేణువులు మరీ సన్నం. పైగా వాటన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. ఉప్పునీళ్ళు తగిలాయా, ఆ నెట్టుడు తగ్గిపోతుంది. రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కట్టి అడుగుకి జారతాయి.

నా మాట నమ్మొద్దు, చేసి చూడండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, రెంటిలోనూ ఒకే కొలత చెరువుమట్టి కలపండి. ఒకదాంట్లో రెండు చెంచాల ఉప్పు వేసి కలియబెట్టి, రెండూ కదపకుండా కిటికీలో పెట్టండి. ఉప్పు వేసిన గ్లాసు ముందు తేటపడుతుంది. రెండోది సాయంత్రానికి కూడా బురదగానే ఉండొచ్చు. ఆ గ్లాసులో జరిగే పనే గంగ సముద్రంలో కలిసే సుందర్‌బన్స్ మొగల దగ్గర పగలూ రాత్రీ జరుగుతోంది. అలా కోట్ల ఏళ్ళుగా హిమాలయాల మట్టి దిగి దిగి, బంగాళాఖాతం అడుగున దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున ఒక విసనకర్ర పరుచుకుంది. ప్రపంచంలో సముద్రం అడుగున ఉన్న మేటల్లో దీన్ని మించింది లేదు. కొన్నిచోట్ల దాని మందం 16 కిలోమీటర్లు దాటుతుంది. ఎవరెస్టుని తెచ్చి అందులో పాతిపెడితే, పైన ఇంకో ఏడు కిలోమీటర్ల మట్టి మిగులుతుంది.

సరే, బోడి ఇసుకదిబ్బ కోసం ఎందుకంత గొడవ అంటారా? గొడవ దిబ్బ కోసం కాదర్రా, దాని వెనకాల వచ్చే సముద్రం కోసం. పూర్వం ఒడ్డున ఉన్న ఫిరంగి గుండు ఎంతదూరం పోతే అంతవరకే రాజుగారి సముద్రం. మూడు మైళ్ళని ఒక లెక్క పెట్టుకున్నారు. తర్వాత నూనె, గ్యాసు, పెద్ద పెద్ద ట్రాలర్లు వచ్చాక ఆ లెక్క ఎవరికీ చాల్లేదు. 1982లో దేశాలన్నీ కూర్చుని సముద్ర చట్టాల ఒప్పందం రాసుకున్నాయి, 1994లో అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా ఆ దేశపు సొంత జలాలు. 200 మైళ్ళ దాకా ఆర్థిక మండలి, అంటే అందులోని చేపా, కింద ఉన్న గ్యాసూ ఆ దేశానివే. సముద్రం అడుగున ఒండ్రు ఇంకా సాగి ఉంటే, ఖండతీరపు అంచు పేరుతో అంతకు మించి కూడా అడగొచ్చు. నాటికల్ మైలంటే మన రోడ్డు మైలు కాదు, 1,852 మీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్క. 200 మైళ్ళంటే 370 కిలోమీటర్లు. విశాఖ ఒడ్డున నిలబడి తూర్పుకి చూస్తే అంతదూరం మనదే.

మనుషులు బతకగలిగిన దీవికి కూడా ఈ 200 మైళ్ళూ వస్తాయి. ఒట్టి బండరాయి అయితే 12తో సరిపెట్టుకోవాలి. పోటుకి మునిగి ఆటుకి తేలే దిబ్బకి తనకంటూ ఏమీ రాదు. అయితే ఒడ్డుకి దగ్గరగా ఉంటే కొలత మొదలుపెట్టే చోటుగా వాడుకోనిస్తారు. ఇప్పుడర్థమైందా, ఆ దిబ్బ దీవా, రాయా, ఉత్త ఇసుకా అని తేల్చడానికి అంత పట్టుదల ఎందుకో.

ఈ మధ్యలో డబ్బు వచ్చి కూర్చుంది. 2002లో మన కాకినాడకి ఎదురుగా, కృష్ణా-గోదావరి బేసిన్‌లో రిలయన్స్‌కి గ్యాస్ తగిలింది. 2004లో మయన్మార్‌లోని రఖైన్ తీరంలో దేవూ కంపెనీకి తగిలింది. రెండుపక్కలా దొరికితే నడిమధ్య ఉన్న బంగ్లాదేశ్ గుండె ఆగుతుందా? కానీ వాళ్ళు ఏ బ్లాకు వేలానికి పెట్టినా ఇటు నుంచి భారత్, అటు నుంచి మయన్మార్ అది మాదంటే మాదన్నాయి. 2008 నవంబరులో మయన్మార్ నౌకాదళం కాపలాతో గ్యాస్ అన్వేషణ మొదలయ్యేసరికి బంగ్లాదేశ్ కూడా తన యుద్ధనౌకల్ని పంపింది. కొన్నాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, తర్వాత ఎవరి దారిన వాళ్ళు వెనక్కి తగ్గారు. ఏడాది తిరక్కుండానే, 2009 అక్టోబరు 8న, బంగ్లాదేశ్ ఒకేరోజు రెండు పొరుగు దేశాలకీ నోటీసులిచ్చింది. ముప్పై అయిదేళ్ళు మాట్లాడుకున్నది చాలు, ఇక పెద్దమనుషుల్లో పెడతాం అని.

మా మనవడు ఇక్కడ అడ్డుపడ్డాడు. "ఇండియా రానంటే ఏం చేస్తారు తాతయ్యా?"

మంచి ప్రశ్న. హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం ఉంది, పదిహేను మంది జడ్జీలు. మామూలుగా అక్కడికి రెండు దేశాలూ ఒప్పుకుంటేనే కేసు వెళుతుంది. సముద్ర చట్టం దగ్గర మాత్రం ఒక మెలిక పెట్టారు. ఆ ఒప్పందం మీద సంతకం చేసి ఆమోదించావంటే, రేపు తగువొస్తే తీర్పుకి కూర్చుంటానని ముందే మాటిచ్చినట్టు. మన దేశం 1995లో ఆమోదించింది, మయన్మార్ 1996లో, బంగ్లాదేశ్ 2001లో. కాబట్టి రానని అనడం కుదరదు. యూరప్ వాళ్ళకి ఇంటి దగ్గరే లక్సెంబర్గ్‌లో ఒక కోర్టు, స్ట్రాస్‌బర్గ్‌లో ఒక కోర్టు ఉన్నాయి, దేశాల్ని కూడా బోనెక్కిస్తాయి. మన సార్క్ దేశాలకి అలాంటిది లేదు. అందుకే సుందర్‌బన్స్ మొగలో తగువు తీర్చుకోవడానికి ఐరోపా దాకా పోవాల్సొచ్చింది. మయన్మార్ కేసు జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న సముద్ర చట్టాల ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. మన కేసు అయిదుగురితో కూర్చిన మధ్యవర్తుల ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. దానికి ఆఫీసు పని చూసిపెట్టింది హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం. 1899 నుంచీ ఉన్న సంస్థ అది. పేరులో న్యాయస్థానం ఉందిగానీ అక్కడ రోజూ కూర్చునే జడ్జీలుండరు. కేసు వచ్చినప్పుడే పెద్దల్ని కూర్చుకుంటారు.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. మీ నాయనమ్మ చూడకుండా కాస్త ముగ్గుపిండి, మూడు చింతపిక్కలు పట్రండి. నేలమీద అడ్డంగా ఒక గీత గీశాను, ఇది ఒడ్డు. దానిమీద జానెడు జానెడు ఎడంలో మూడు పిక్కలు పెట్టాను. ఎడమది ఇండియా, నడిమిది బంగ్లాదేశ్, కుడిది మయన్మార్. ముందున్న ఖాళీ అంతా సముద్రం. రూలు ఒక్కటే: సముద్రంలో ఏ చుక్క తీసుకున్నా, అది ఏ పిక్కకి దగ్గరైతే వాళ్ళది. పురికొసతో కొలుచుకుంటూ సరిహద్దులు గీయండి. రెండు గీతలు వచ్చాయి, రెండూ నిటారుగా, ఒకదానికొకటి తగలకుండా పోతున్నాయి. ముగ్గురికీ తలా ఒక పట్టీ. ఎవరికీ పేచీ లేదు. దీన్నే సమదూర రేఖ అంటారు.

ఇప్పుడు ఒడ్డుని వంచుదాం. నడిమి పిక్క అక్కడే ఉంచి, పక్క పిక్కలు రెంటినీ ముందుకి జరపండి, బంగాళాఖాతం తలదగ్గర ఉన్నట్టు. మళ్ళీ కొలవండి. చూశారా, గీతలు రెండూ నడిమివాడి ముందుకి వాలిపోయి ఒకచోట ముట్టుకున్నాయి! నడిమివాడికి మిగిలింది చిన్న ముక్కోణం. దాని అవతల సముద్రమంతా పక్కవాళ్ళదే. ఎందుకంటే దూరంగా ఉన్న చుక్కకి, ముందుకి జరిగిన పిక్కలే దగ్గరవుతాయి. ఎవరూ మోసం చెయ్యలేదు, కొలత తప్పలేదు, అయినా నడిమివాడికి దారి మూసుకుపోయింది. బంగ్లాదేశ్ ఏడుపంతా ఇదే. 200 మైళ్ళ దాకా వెళ్ళే హక్కు చట్టంలో రాసి ఉంది, ఒడ్డు వంపు మాత్రం వెళ్ళనివ్వడం లేదు.

ఈ బాధ పడ్డవాళ్ళలో వాళ్ళు మొదటివాళ్ళు కారు. ఉత్తర సముద్రం ఒడ్డున పశ్చిమ జర్మనీది అచ్చం ఇదే వంపు, ఇటు నెదర్లాండ్స్, అటు డెన్మార్క్. 1969లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ కేసులో, సమదూర రేఖ తప్పనిసరేం కాదు, న్యాయంగా ఉందో లేదో చూసి మరీ గీసుకోండి అంది. 1971లో ఆ మూడు దేశాలూ కూర్చుని ఒప్పందాలు రాసుకున్నాయి, జర్మనీకి సముద్రం నడిమధ్య దాకా దారి దొరికింది. ఆ తర్వాత కోర్టులు మెల్లమెల్లగా ఒక పద్ధతికి వచ్చాయి. ముందు సమదూర రేఖ గీస్తారు. దానివల్ల ఎవరికైనా మరీ అన్యాయం జరుగుతోందంటే దాన్ని కాస్త జరుపుతారు. ఆఖర్న, తీరం పొడవుకీ వచ్చిన సముద్రానికీ పొంతన కుదిరిందో లేదో చూస్తారు. నన్నడిగితే ఇందులో రెండో మెట్టే అసలు కోర్టు. మొదటిదీ మూడోదీ కంప్యూటర్ చేసిపెడుతుంది. ఎంత జరపాలి అనేదానికి మాత్రం సూత్రం లేదు, అయిదుగురు మనుషులు తర్జనభర్జన పడాల్సిందే.

హాంబర్గ్ తీర్పు 2012 మార్చి 14న వచ్చింది. ఆ ట్రిబ్యునల్ సముద్ర సరిహద్దు గీయడం అదే మొదటిసారి. 200 మైళ్ళకి అవతల కూడా గీత పొడిగించిన మొదటి తీర్పు కూడా అదే, ప్రపంచంలో ఏ కోర్టూ అంతకుముందు ఆ పని చెయ్యలేదు. అక్కడ బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో మన తెలుగువారు పి. చంద్రశేఖరరావు ఉన్నారు. 1996లో ఆ ట్రిబ్యునల్ మొదలైన దగ్గర్నుంచి 2017 దాకా జడ్జీ, మధ్యలో మూడేళ్ళు దానికి అధ్యక్షుడు కూడా.

మన కేసుకి ఇంకా రెండేళ్ళు పట్టింది. ఇందులో రెండు ముడులున్నాయి. ఒకటి, నేల సరిహద్దు ఎక్కడ ఆగి సముద్ర సరిహద్దు ఎక్కడ మొదలవుతుంది? 1947లో సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లీషు లాయరు, అంతకుముందు ఈ దేశంలో అడుగు కూడా పెట్టనివాడు, అయిదు వారాల్లో బెంగాల్నీ పంజాబునీ చీల్చాడు. ఈ మూల ఆయన గీత నది నడిధారలో పోయింది. నదికి ఈ సంగతి ఎవరు చెప్పారు? అది తన ఇష్టమొచ్చినట్టు జరుగుతూ పోయింది. నడిధార లంకకి తూర్పున పోతే లంక మనది, పడమర పోతే వాళ్ళది. ఇక రెండో ముడి ముగ్గుపిండితో మనం చూసిందే, ఒడ్డు వంపు.

2013 అక్టోబరులో ఆ అయిదుగురు పెద్దలూ స్వయంగా వచ్చి ఆ మొగలన్నీ తిరిగి చూశారు. జర్మనీ నుంచి రూడిగర్ వోల్‌ఫ్రమ్ అధ్యక్షుడు, ఫ్రాన్స్ నుంచి ఒకరు, ఘానా నుంచి ఒకరు, ఆస్ట్రేలియా నుంచి ఒకరు. అయిదోవారు భారత్ తరఫున నియమితులైన పెమ్మరాజు శ్రీనివాసరావు, ఆయనా మన తెలుగువారే. అప్పటికి లంక జాడ లేదు. 2010 మార్చిలోనే జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు సముద్ర శాస్త్రవేత్త సుగత హజ్రా, ఉపగ్రహ చిత్రాలు చూసి, న్యూమూర్ పూర్తిగా మునిగిపోయిందని చెప్పారు. కోతా, పెరుగుతున్న సముద్రమట్టమూ కలిసి దాన్ని మింగేశాయి. వాది ఉన్నాడు, ప్రతివాది ఉన్నాడు, ఆస్తి లేదు!

లంక పోతే పోయింది, ఆ చోటు ఎవరిదన్నది మాత్రం తేలాలి కదా. బంగ్లాదేశ్ వాదన ఒకటి నాకు భలే నచ్చింది. మా ఒడ్డు ఇవాళ ఉన్నచోట రేపుండదు, కోసుకుపోతుంది, మేట వేస్తుంది, సముద్రమట్టం పెరిగితే ఇంకా మారుతుంది, అలాంటి ఒడ్డు మీద చింతపిక్కలెక్కడ పెడతారు, సమదూర రేఖ వదిలేసి కోణాన్ని సగం చేసి తిన్నగా దక్షిణానికి గీత గీయండి అన్నారు. సైన్సు ప్రకారం ప్రతి మాటా నిజమే. ట్రిబ్యునల్ మాత్రం ఒప్పుకోలేదు. ఇవాళ ఒడ్డు ఎలా ఉందో అదే మాకు లెక్క, రేపటి వాతావరణ మార్పులు చూసి ఇవాళ్టి సరిహద్దుల్ని ఊగిసలాడనివ్వలేం అంది. మొదట ఇది మొండితనంలా అనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే వాళ్ళ ఇబ్బంది తెలుస్తుంది. సముద్రం కదిలినప్పుడల్లా గీత కదిలితే, గ్యాసు బావి తవ్వేవాడికీ వల వేసేవాడికీ ఏటేటా కోర్టే గతి. నేల కదులుతుందన్నది శాస్త్రం చెప్పే సంగతి, గీత కదలకూడదన్నది కోర్టుకున్న అవసరం. రెంటికీ పొత్తు కుదరదు, కుదరనక్కర్లేదు కూడా.

2014 జూలై 7న తీర్పొచ్చింది. నది 1947లో ఎలా ఉందో అదే లెక్క, రాడ్‌క్లిఫ్ మ్యాపే ప్రమాణం అన్నారు. ఆ ప్రకారం న్యూమూర్ ఉండిన చోటు మన వైపు పడింది. అయితే ఆ దిబ్బ కొలతలకి పనికిరాదని, దానిమీద పిక్క పెట్టడానికి వీల్లేదని కూడా అన్నారు. ముప్పై ఏళ్ళు జెండాలు పాతిన చోటు సరిహద్దుని అంగుళం కూడా జరపలేకపోయింది. తర్వాత సమదూర రేఖ గీసి, వంపువల్ల బంగ్లాదేశ్‌కి దారి మూసుకుపోతోందని ఒప్పుకుని, గీతని మనవైపుకి జరిపారు. బంగ్లాదేశ్ అడిగింది తిన్నగా దక్షిణం, దిక్సూచి లెక్కలో 180 డిగ్రీలు. ఇచ్చింది 177 డిగ్రీల 30 నిమిషాలు. రెండున్నర డిగ్రీలే కదా అని తీసిపారెయ్యకండి. వంద కిలోమీటర్లు పోయేసరికి ఆ తేడా నాలుగు కిలోమీటర్లు దాటుతుంది, మూడు వందలు పోతే పదమూడు. కాగితం మీద మూలన చిన్న తేడా, సముద్రంలో ఒక మండలమంత.

తగువులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి వెళ్ళాయి. శ్రీనివాసరావుగారు కొన్ని విషయాల్లో తీర్పుతో ఏకీభవించి, కొన్నింటిలో విభేదిస్తూ విడిగా రాశారు. గీతని అంతగా జరపడం ఆయనకి సమ్మతం కాలేదు. ఇంకో చిక్కు మీద కూడా ఆయనకి అభ్యంతరం. గీత అలా వాలేసరికి ఒకచోట చిన్న ముక్క మిగిలిపోయింది. బంగ్లాదేశ్ ఒడ్డుకి 200 మైళ్ళ అవతల, మన ఒడ్డుకి 200 మైళ్ళ లోపల, కానీ గీతకి వాళ్ళ పక్కన. అక్కడ అడుగున నేల వాళ్ళది, పైన నీళ్ళలో చేప మనది. దాన్ని బూడిదరంగు ప్రాంతం అంటారు. ఒకే ఇంట్లో కిందది ఒకరిదీ మేడ ఒకరిదీ అయితే ఎన్ని తగాదాలొస్తాయో అద్దెకున్నవాళ్ళని అడగండి.

మరి ఒప్పుకున్నారా? ఒప్పుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముచ్చటేసేది ఇదే. ఆ కోర్టుకి పోలీసు లేడు, జప్తు చేసే అమీను లేడు. చిన్న దేశం పెద్ద దేశాన్ని కోర్టుకీడ్చింది, పెద్ద దేశం వచ్చి కూర్చుంది, నాలుగింట మూడొంతులు పోగొట్టుకుంది, సరేనంది. ఢాకాలో ప్రతిపక్షం తల్పట్టి పోయిందని గోల చేసింది. మరుసటేడే రెండు దేశాలూ కోర్టు గడప తొక్కకుండానే 162 చిట్టి భూముల్ని, ఒకరి దేశం నడిమధ్య ఒకరివి చిక్కుకుపోయినవాటిని, మార్చుకున్నాయి. అందరూ ఇలా ఉంటారనుకోకండి. 2016లో దక్షిణ చైనా సముద్రం మీద ఇలాంటి ట్రిబ్యునలే తీర్పిస్తే, అది ఒట్టి కాగితం అని చైనా కొట్టిపారేసింది.

అసలు కోర్టుకే వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. మీరంతా *తండేల్* సినిమా చూశారుగా? దాని వెనక ఉన్న నిజం కథ శ్రీకాకుళం జాలర్లది. గుజరాత్ వెళ్ళి పడవల మీద కూలికి చేరారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గడానికి వాళ్ళు చేసిన నేరం, ఎక్కడుందో ఎవరూ తేల్చని గీతని దాటడం. అక్కడ కచ్ మూలన సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల ఉప్పుకాలవ ఉంది. దాని నడిమధ్య సరిహద్దు అని మనం, తూర్పు గట్టు మీద అని వాళ్ళు. ఆ కాలవ సంగతి తేలితే తప్ప అరేబియా సముద్రంలో గీత మొదలవదు. 1968లో కచ్ రణ్ మీద ఒక ట్రిబ్యునల్ తీర్పిచ్చింది, పాకిస్తాన్ అడిగినదాంట్లో సుమారు పదోవంతు ఇచ్చింది, మనం తిట్టుకుంటూనే అమలుచేశాం. సర్ క్రీక్‌ని మాత్రం అప్పుడు దాని ముందు పెట్టలేదు. ఇప్పుడు మనవాళ్ళు మూడోవాడు వద్దు, మనమే మాట్లాడుకుందాం అంటారు. మాట్లాడుకోవడం మంచిదే. జాలరి పడవలో ఉన్నవాడికి ఆ మాటలు ఎప్పటికి తేలతాయో తెలిస్తే ఇంకా మంచిది.

మా చిన్న మనవరాలు ముగ్గు గీతకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడింది. "మరి ఈ గీత చేపకెలా తెలుస్తుంది తాతయ్యా?"

తెలీదే తల్లీ. సముద్రంలో తిరిగే ఇలస గుడ్లు పెట్టడానికి నదులెక్కుతుంది. పద్మానది ఎక్కితే బంగ్లాదేశ్ వాళ్ళు పండగ చేసుకుంటారు, గోదావరి ఎక్కితే పులస అని మనం పుస్తెలమ్ముతాం. గీత కోర్టు గీసింది, చేప సంగతి దేశాలే చూసుకోవాలి. మన తూర్పు తీరమంతా, మన ఆంధ్రాతో సహా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవడానికి. బంగ్లాదేశ్‌లో చాలా ఏళ్ళు అది మే 20న మొదలై జూలై 23న ముగిసేది. వాళ్ళు పడవలు కట్టేసుకుని ఒడ్డున కూర్చున్న రోజుల్లో ఇవతల మన పడవలు వేటాడేవి. మేం దాచిన చేపని పక్కవాళ్ళు పట్టుకుపోతున్నారని వాళ్ళ జాలర్లు ఏటా మొత్తుకున్నారు. చివరికి 2025లో ఢాకా ప్రభుత్వం తేదీలు మార్చింది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 దాకా 58 రోజులు. ఇప్పుడు రెండువైపులా వలలు ఒకేరోజు ఒడ్డెక్కుతున్నాయి. దిగేటప్పుడు మాత్రం వాళ్ళు మనకంటే మూడు రోజులు ముందు.